పడక, జోలె, పేరు: వృద్ధసేవయందు త్రివిధ దాసోహము

శ్రీ గురుబసవలింగాయ నమః

దాసోహమను మాట మన యిండ్లలో పసిబిడ్డలకు సైతము తెలియును. మఠములో పంక్తి సాగినచో దాసోహమందుము. జాతరనాడు పదిమందికి అన్నము వడ్డించినను దాసోహమే యందుము. కాని ఆ మాటకు గల అర్థము వడ్డనతో ముగియదు. "నేను దాసుడను" అని తల వంచుట దాని యర్థము. వడ్డించువాడు గరిటె పట్టుకొని నిలుచుండును. తినువాడు నేలపై కూర్చుండును. గరిటె పట్టినవాడు తానే పెద్దయని తలచిన క్షణమున దాసోహము ఉత్త అన్నదానమగును. అన్నదానమును మంచిదే. అయినను బసవన్న మనకు నేర్పినది అంతకంటె కష్టమైన పని. దాతకు తన చోటు తనకుండును. దాసునకు తనదని చెప్పుకొను చోటు ఉండదు.

ఈ భేదము మిక్కిలి స్పష్టముగా తెలియునది వృద్ధుల సేవయందు. మనకు మిగిలినదానిని ముసలివారికిచ్చుట లోకపు రివాజైనది. ఎవరికిని అక్కరలేని గది, పాతబడిన దుప్పటి, పనులన్నియు ముగిసిన పిమ్మట మిగిలిన కాస్త సమయము, ఇవియే వారి పాలికి వచ్చుచున్నవి. మన చోటును మనము విడిచిననాడు గాని వృద్ధసేవ ఆరంభము కాదని నేను ఆలస్యముగా తెలిసికొంటిని. ఆ తెలివి నాకు కలిగించినది మన దేశమునకు బహుదూరమున, మనది కాని మతమున పుట్టిన ఒక పనిమనిషి కథ. ఆమె ఆరంభించిన వృద్ధసేవాసంస్థ చరిత్రను నేడు మీ ముందుంచుచున్నాను.

పరమతమువారి కథ మనకేల యని ఎవరైన అడుగవచ్చును. కాశ్మీర రాజ్యమును విడిచి కళ్యాణమునకు వచ్చి, కట్టెలమోపు అమ్ముకొని జీవించిన మోళిగె మారయ్యను మన పరంపర శరణునిగా కొలుచుచున్నది. నీవే దేశమువాడవని కాక నీవేమి కాయకము చేయుచున్నావని కళ్యాణము అడిగెను. అదే ప్రశ్నను ఈ స్త్రీని కూడ అడుగుదము.

ఫ్రాన్సు దేశమునకు పడమటి దిక్కున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన బ్రిటనీ యను సీమ కలదు. అందు కాన్‌కాల్ అను రేవుపల్లెలో 1792వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన జాన్ జుగాన్ జన్మించెను. తండ్రి జాలరి. ఆమెకు నాలుగేండ్లు నిండకమునుపే ఆయన వేటకు సముద్రముపై పోయి తిరిగి రాలేదు. తల్లి కూలినాలి చేసి పిల్లలను పెంచెను. పదునారేండ్ల ప్రాయమున జాన్ ఒక సంపన్నుల ఇంట వంటయింటి పనికి కుదిరెను. ఒక నావికుడు పెండ్లాడుదునని కోరగా ఆమె సమ్మతింపలేదు. ఇరువదియైదేండ్లకు సమీపమున ఉన్న సాన్ సెర్వాన్ పట్టణమునకు పోయి, అచ్చటి ఆసుపత్రిలో ఆరేండ్లు రోగులకు పరిచర్య చేసెను. శరీరము అలసిపోగా ఆ పని మాని, ఒక అవివాహితయగు పెద్దామె ఇంట పండ్రెండేండ్లు పరిచారికగా ఉండెను. 1835లో ఆ యజమానురాలు కన్నుమూసెను.

పిమ్మట జాన్ తనకంటె చాల పెద్దదియగు ఫ్రాంస్వాజ్ ఓబేర్ అను స్నేహితురాలితో కలిసి ఒక చిన్న బస అద్దెకు తీసికొనెను. ఫ్రాంస్వాజ్ డెబ్బదియేండ్లు దాటినది. వర్జినీ అను పదునేడేండ్ల అనాథ బాలిక వారితో చేరెను. ముసలియామె రాట్నము వడకెడిది. జాన్ ఇరుగుపొరుగు ఇండ్లలో బట్టలుతికి, అంట్లు తోమి, నాలుగు డబ్బులు తెచ్చెడిది. ముగ్గురును కలిసి తిని, కలిసి ప్రార్థన చేసికొనెడివారు. ఆస్తి లేదు, చదువు లేదు, పలుకుబడి లేదు. ఒక మహాసంస్థకు పునాది పడిన చోటు ఇది.

పడక

సముద్రము మింగిన నావికుల భార్యలు ముసలితనమున బిచ్చమెత్తుకొనుట ఆ రేవు పట్టణములలో నిత్యము కనబడెడి దృశ్యము. 1839వ సంవత్సరపు చలికాలమున అట్టి యొక వితంతువు జాన్ కంటబడెను. ఆమె పేరు ఆన్ షోవాన్. కన్నులు లేవు. శరీరము సగము పక్షవాతమున పడిపోయినది. చూచువారు ఎవరును లేరు. అప్పటికి జాన్‌కు 47 ఏండ్లు. ఆమె ఆ ముదుసలిని ఎత్తుకొని, ఇరుకైన మెట్లమీదుగా తన బసకు మోసికొనిపోయి, తన మంచముపై పరుండబెట్టెను. తాను అటకమీదికి పోయెను.

కొలది దినములకు మరియొక ముసలియామె వచ్చెను. ఆమెయు ఒకప్పటి పనిమనిషియే. తన యజమానులు దారిద్ర్యమున పడినప్పుడు వారిని విడువక, తన కూడబెట్టినదంతయు వారికే వెచ్చించి, అది తీరిన పిమ్మట వారికొరకు బిచ్చమెత్తి, వారు పోయిన తరువాత తాను దిక్కులేనిదైనది. ఈమారు వర్జినీ తన పడక నిచ్చెను.

ఈ కథను నేను ఒకమారు పదవ తరగతి పిల్లలకు చెప్పితిని. పాఠ్యపుస్తకములోనిది కాదు, త్యాగమును గూర్చిన పద్యము చెప్పుచు ఉదాహరణగా చెప్పితిని. అటకను గూర్చి చెప్పుట మరచితినో, గొంతు తగ్గించి చెప్పితినో, వెనుక వరుసలోని ఒక పిల్లవాడు లేచి, "మరి ఆమె ఎక్కడ పడుకుంది సార్?" అని అడిగెను. జవాబు చెప్పితిని. చెప్పుచుండగనే నా మాట నాకే గొంతులో అడ్డుపడెను.

ఏలయన, ఆ సంవత్సరమే మా యిల్లు మరమ్మతు చేయించి, మా యమ్మ మంచమును నడిమి గదినుండి వెనుక వసారాలోనికి మార్పించితిని. ఆమెకు అప్పటికి ఎనుబదియేండ్లు సమీపించినవి. నడిమి గదిలో పిల్లల చదువు బల్ల వేయవలసి వచ్చినది. వచ్చి పోవువారికి కుర్చీలు వేయవలసి వచ్చినది. "వసారాలో గాలి బాగా వస్తుందమ్మా" అంటిని. ఆమె మారు పలుకలేదు. తన చెంబును, విభూతిని, ఇష్టలింగ పూజకు కావలసిన పళ్లెమును చేతికందునట్లు పెట్టుమని మాత్రము అడిగెను. వేళకు అన్నము పోవుచుండెను. మందులు పోవుచుండెను. నేను మంచి కొడుకుననియే అనుకొనుచుంటిని.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చెప్పినాడు. లోకమున అందరికిని తల్లులున్నారు, శివునకు తల్లి లేదే యని ఆ భక్తురాలు వగచి, తానే తల్లియై ఆయనను పసివానిగా సాకెను. ఆ కథను ఎన్నియో మార్లు పాఠము చెప్పినవాడను నేను. తల్లి లేని శివునకై కంట తడి పెట్టించి చెప్పగలవాడను, నడిమి గదిలోని తల్లిని వసారాకు పంపినవాడను ఒక్కడే.

ఆ సాయంత్రము మంచమును మరల లోనికి తెచ్చితిని. చదువు బల్ల వసారాకు పోయినది. మా యమ్మ మంచముపై కూర్చుండి నలుదిక్కుల తడిమి చూచుకొని, "గాలి అక్కడ బాగానే ఉండేదిరా. మాటలే వినపడేవి కావు" అనెను. నింద కాదు, ఉన్నమాట చెప్పినది. ఆమె మరి రెండేండ్లు ఆ గదిలోనే ఉండి, ఇంటిమాటలు వినుచు, ఇష్టలింగమును అరచేత నుంచుకొని లింగైక్యమందెను. ఆ రెండేండ్లు నాకు దక్కుటకు కారణము అటకపై పరున్న ఆ పనిమనిషి. ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడు.

ముసలివారికి కావలసినది గాలియు అన్నమును మాత్రమే కాదు. ఇంటి నడుమ తమకొక చోటు కావలెను. ఆ చోటు ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు లేవవలెను. లేచుటయే తనువుతో చేయు దాసోహము.

జోలె

జాన్ ఇంటికి వచ్చు ముదుసలుల సంఖ్య పెరిగినది. 1841లో వారు మరికొంత పెద్ద బస అద్దెకు తీసికొనగా పండ్రెండుమంది వృద్ధ స్త్రీలు చేరిరి. 1842లో పాతబడిన ఒక మఠభవనమును కొనిరి. అచట నలుబదిమంది వరకు ఆశ్రయము పొందిరి. ఇందరికి గ్రాసము ఎట్లు గడచినది?

శక్తి కలిగిన ముసలివారు ఊరక కూర్చుండలేదు. వడకుట, అల్లుట మున్నగు పనులు చేసి తమ పాలు తాము సంపాదించెడివారు. ఇది మన కాయక ధర్మమునకు దగ్గరి మాట. చేతనైన పని చేయనిచ్చుట ముసలివారిని శ్రమపెట్టుట కాదు. వారి గౌరవమును వారికి మిగిల్చుట. "నీవు కూర్చో, నీకేమి చేతనగును" అని మనము ప్రేమతో అను మాట ఎన్ని యిండ్లలో ఒక మనిషిని బ్రతికియుండగనే మూలకు నెట్టుచున్నదో ఆలోచింపుడు.

అయినను ఆ సంపాదన చాలలేదు. ఆ వృద్ధులలో పలువురు అంతకుముందు వీధులలో బిచ్చమెత్తినవారే. ఆశ్రమమునకు వచ్చిన పిమ్మటయు పాత అలవాటు చొప్పున వారు వీధికి పోయినచో మరల అవమానమే, మరల చెడు సావాసమే. అప్పుడు జాన్ ఒక నిర్ణయము చేసెను. మీరు ఏయే ఇండ్లకు పోయెడివారో నాకు చెప్పుడు, మీకు బదులు నేను పోయెదనని వారి నడిగి, చేత బుట్ట పట్టుకొని బయలుదేరెను. తన కష్టముపై జీవించి, ఎన్నడును ఎవరి ముందును చేయి చాపనిదానికి ఇది ఎంత కష్టమైన అడుగో ఊహింపుడు. డబ్బులే కాదు, ఎండిన రొట్టె, పాత గుడ్డలు, మిగిలిన కూర, ఏదిచ్చినను ఆమె పుచ్చుకొనెడిది. ఒకనాడొక గృహస్థుడు కోపించి ఆమె చెంపపై కొట్టినాడని, ఆ దెబ్బ నాకు చాలును, ఇక నా ముసలివారికి ఏమైన ఇప్పింపుడని ఆమె శాంతముగా అడిగినదని ఆ సంస్థవారు నేటికిని చెప్పుకొందురు.

మనకు జోలె క్రొత్త కాదు. జంగమమూర్తులు జోలె పట్టి భక్తుల వాకిళ్ల నిలిచిన సంప్రదాయము మనది. మన కాలమున 111 ఏండ్లు జీవించి 2019లో లింగైక్యులైన సిద్ధగంగ శివకుమార స్వాములవారు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును సాగించుటకు రైతుల ధాన్యమునే ఆధారముగా చేసికొనిరి. కాయకమును బోధించిన ధర్మమున భిక్షకు చోటెక్కడిదని సందేహము కలుగవచ్చును. తన పొట్టకై చాచిన చేయి వేరు, పదిమంది పొట్టలకై చాచిన చేయి వేరు. మొదటిది కాయకమునకు విరుద్ధము. రెండవది కాయకములలో కెల్ల కఠినమైన కాయకము. ఏలయన అందు చెమటతో పాటు అభిమానమును కూడ ధారవోయవలసియుండును. ఇది మనసుతో చేయు దాసోహము.

ఇచ్చట మరియొక విషయము గమనింపదగినది. సంస్థ పెరిగి, దానికి పెద్ద మొత్తములు రాసాగినవి. ఏటేట నిలుకడగా ఆదాయము తెచ్చు నిధులను అంగీకరింపవచ్చునా యను ప్రశ్న 1865లో వచ్చెను. అప్పటికి జాన్ చేత ఏ అధికారమును లేదు. అయినను ఆమె అభిప్రాయ మడిగిరి. స్థిరాదాయము వద్దని, ఏనాటి కానాడు ప్రజల దయపై ఆధారపడుటయే మన మార్గమని ఆమె చెప్పెను. సంస్థ ఆ మాటనే పాటించెను.

ఈ మాట వినగానే మన ఆయ్దక్కి లక్కమ్మ జ్ఞప్తికి రాక మానదు. కళ్యాణమున మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆమె భర్త మారయ్య కాయకము. ఒకనాడాయన నిత్యము కంటె ఎక్కువ గింజలు తేగా, ఈ ఆశ మనకేల, అధికమైనది తిరిగి అచ్చటనే పోసి రమ్మని లక్కమ్మ పంపివేసెను. బ్రిటనీ పనిమనిషికిని కళ్యాణపు పేదరాలికిని నడుమ ఏడువందల యేండ్లున్నవి. కూడబెట్టిన నిధి కలిగిననాడు ఇరుగుపొరుగువారి తలుపు తట్టవలసిన పని తీరిపోవునని, తలుపు తట్టుట మానిననాడు ఊరు ముసలివారిని మరచునని ఇద్దరికిని తెలియును. ప్రతి మఠమును నిధి వద్దనవలెనని నేను చెప్పుటలేదు. నిధి యుండుటచే భక్తుల వాకిళ్లతో మనకు గల రాకపోకలు తెగరాదని మాత్రము విన్నవించుచున్నాను.

పేరు

పడకను విడుచుట కష్టము. జోలె పట్టుట మరింత కష్టము. అన్నింటికంటె కష్టమైనది ఇంకొకటి యున్నది. అది జాన్ కోరి తెచ్చుకొన్నది కాదు. ఆమెపై వచ్చి పడినది.

1843 డిసెంబరులో ఆ చిన్న సంఘమువారు జాన్‌ను తమ పెద్దగా మరల ఎన్నుకొనిరి. కొలది దినములలోనే, వారికి సలహాదారుగా ఉన్న లె పాయూర్ అను యువ మతాచార్యుడు ఆ యెన్నికను రద్దు చేసి, ఇరువది మూడేండ్ల యువతిని ఆ స్థానమున నియమించెను. జాన్ ఎదురాడలేదు. బుట్ట పట్టుకొని మరల వీధికి పోయెను. 1845లో ఫ్రెంచి అకాడమీవారు ఆమె సేవను మెచ్చి మోంత్యోన్ బహుమతి ప్రకటించిరి. దానితో వచ్చిన 3,000 ఫ్రాంకులును ముసలివారికే వినియోగమైనవి. రెన్, దినాన్, తూర్, ఆంజే పట్టణములలో క్రొత్త ఆశ్రమములు వెలసినవి. ఎచ్చట అప్పులు పెరిగినను, ఎచ్చట గింజలు నిండుకొన్నను జాన్‌నే పంపెడివారు. ఆమె పోయి ఊరూర అడిగి ఆ యిల్లు నిలబెట్టి, మరల మామూలు సేవకురాలిగా నిలిచెడిది.

1852లో ఆమెను ఆ పని కూడ మాన్పించి, సంస్థ ప్రధాన గృహమునకు రప్పించిరి. నాటినుండి 27 ఏండ్లు ఆమె ఏ పదవియు, బయటి లోకముతో ఏ సంబంధమును లేక, క్రొత్తగా చేరిన బాలికల నడుమ ఒక ముసలి సోదరిగా బ్రతికెను. సంస్థ స్థాపకుడను నేనేనని ఆ మతాచార్యుడు చాటుకొనెను. గ్రంథములలో నట్లే వ్రాయబడెను. తమ ప్రక్కన కూర్చుండి అల్లికపని నేర్పుచున్న ముసలియామెయే ఈ సంస్థకు తల్లియని ఆ బాలికలలో చాలమందికి తెలియదు. 1879 ఆగస్టు 29న, 86వ యేట ఆమె కన్నుమూసెను. అప్పటికి ఆ సంస్థలో 2,400 మంది సోదరీమణులు పలు దేశములలో వృద్ధులకు సేవ చేయుచుండిరి.

సత్యము చిరకాలము మరుగుపడియుండదు. 1890లో రోము నగరపు మతాధికారులు విచారణ జరిపి ఆ మతాచార్యుని తొలగించిరి. జాన్ స్థానమున నియమింపబడిన మరీ జామె, తాను స్థాపకురాలను కానని, మొదటిది జాన్ జుగానేనని తుదిదినములలో ఒప్పుకొనెను. 1982లో ఆ మతమువారు జాన్‌ను ధన్యురాలిగను, 2009 అక్టోబరు 11న పునీతగను ప్రకటించిరి. ఆమె చనిపోయిన 130 ఏండ్లకు ఆమె పేరు ఆమెకు దక్కెను.

ఆ మతాచార్యుడు చేసినది అన్యాయమే. దానిని దైవలీల యని కప్పిపుచ్చుట తగదు. పనివారి పేరును పెద్దలు దోచుకొనుట ధర్మమని నేను అనను, బసవన్నయు అనడు. అయినను ఆ యన్యాయమున ఒక పరీక్ష జరిగినది. పేరు పోయిన దినమున జాన్ సేవ ఆగినదా? ఆగలేదు. ముసలివారి గిన్నెలో గంజి తగ్గినదా? తగ్గలేదు. మన సంఘములలో ఒక గది కట్టించి నాలుగు గోడలపై నాలుగు శిలాఫలకములు పెట్టించువారు, ఆహ్వానపత్రికలో పేరు కింది వరుసకు పోయినదని సభకు రానివారు, ఈ పరీక్షలో నిలుతురా? ఈ ప్రశ్న వ్రాయుచున్న నాకును వర్తించును. ధనమును ఇచ్చివేసిన పిమ్మటను మనిషివద్ద మిగులు ధనము కీర్తి. దానిని కూడ ఒడినుండి జార్చిననాడు మూడవ దాసోహము పూర్తియగును. తనువు, మనము, ధనము అని మన పెద్దలు చెప్పిన మూడును పడక, జోలె, పేరులుగా నాకు ఈ కథయందు కనబడినవి.

మన ముంగిట

ఒక పట్టణపు అటకక్రింద మొదలైన ఆ సేవ సముద్రములు దాటినది. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్, అనగా పేదల చిన్న చెల్లెండ్రు, అను పేర ఆ సంస్థవారు 1882లో కలకత్తాకు వచ్చిరి. తరువాత బెంగుళూరునను, మన సికింద్రాబాదునను వారి వృద్ధాశ్రమములు నెలకొన్నవి. దిక్కులేని పేద వృద్ధులను కులమతములు చూడక చేర్చుకొనుట వారి నియమము.

మన మాటకు వత్తము. 2011 జనగణన ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షలు. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము వచ్చినది. తమను తాము పోషించుకొనలేని తల్లిదండ్రులు బిడ్డలనుండి మనువర్తి కోరుచు ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. చూచుకొందురను షరతుపై వ్రాసి యిచ్చిన ఆస్తిని, చూడనిచో రద్దు చేయించుకొనవచ్చును. ఈ సంగతి తెలియక, వ్రాసి యిచ్చిన యింటి అరుగుమీదనే కూర్చుండి కన్నీరు పెట్టుకొను ముసలివారు మన పల్లెలలో ఉన్నారు. వారికి తెలియజెప్పుట చదువుకొన్న ప్రతి శరణుని విధి. అయినను చట్టము భరణము ఇప్పించును గాని నడిమి గదిలో చోటు ఇప్పింపలేదు. అది ఇంటివారే ఇవ్వవలెను.

మఠములకును, కుటుంబములకును నేను విన్నవించునవి మూడు పనులు. మొదటిది, ఈ సంచిక చదివిన దినముననే మీ యింటి పెద్దల మంచము ఎచ్చట నున్నదో లేచి చూడుడు. అచ్చటికి ఇంటిమాటలు వినబడుచున్నవా? వినబడనిచో మంచమును జరుపుడు. రెండవది, మీ ఊరిలో ఒంటరిగా నున్న వృద్ధులెవరో కులము నెంచక లెక్క కట్టుడు. వారమునకొకమారు మఠము తరఫున ఇద్దరు యువకులు జోలె పట్టి ఇంటింట పిడికెడు బియ్యము అడుగుడు. ఒక సంపన్నుడు బస్తాలు పంపుదునన్నను ఆ తిరుగుట మానవద్దు; బియ్యము కంటె ఊరివారి జ్ఞాపకము ముఖ్యము. ఆ ముసలివారి పింఛను కాగితములు సరిగా నున్నవో లేవో ఆ యువకులే చూడవలెను. చేతనైనవారికి వత్తులు చేయుట, పూలు కట్టుట, పిల్లలకు వచనములు నేర్పుట వంటి కాయకము చూపవలెను. మూడవది, ఈ పని ఎవరు చేయుచున్నారో ఫలకముపై వ్రాయవద్దు. చేసినవారి పేర్లు తిన్నవారికి తెలియును, అది చాలును.

శరణ బంధువులారా! మనమందరము ముసలితనమువైపు నడచుచున్నవారమే. నాకును తల నెరసినది. రేపు నా మంచము ఎచ్చట వేయుదురో నేను ఎరుగను. మా యమ్మ మంచము వేసిన గదిలో నేడు నా మనుమరాలు చదువుకొనుచున్నది. మొన్న ఆ పిల్ల, "అవ్వ మంచం ఎక్కడుండేది తాతా?" అని అడిగెను. కిటికీ ప్రక్కనుండెడిదని చూపితిని. దానికి ముందు కొన్ని నెలలు వసారాలో నుండెడిదని కూడ చెప్పితిని. దాచుటకు మనసు రాలేదు. ఆ పిల్ల నావైపు కొంతసేపు చూచి, మరల పుస్తకము తెరచెను.

శరణు శరణార్థి.